ఇంద్రసభ పొగలో మబ్బు రహస్యం

హైదరాబాదులో సినిమా వాళ్లుండే కృష్ణానగర్‌లో వాన అద్దెకు దొరుకుతుంది. ప్రొడక్షన్ మేనేజరు ఫోన్ చేసి "రేపు రాత్రికి రెయిన్ ఎఫెక్ట్ కావాలి" అన్నాడంటే ట్యాంకరు, మోటారు, పైపులు, వాటిని పైకెత్తే క్రేను, పట్టుకునే మనుషులు అన్నీ కలిపి ఒక రేటు చెప్పేస్తారు. రాత్రికి ఏ ఫిల్మ్‌నగర్ వీధిలోనో ఆకాశంలో చుక్కలు మెరుస్తుంటే, కింద మాత్రం కుండపోత.

ఆ అద్దె వానలోనూ బోలెడు సైన్సుంది. నీళ్లు చిమ్మే షవర్లను పదిహేను అడుగుల ఎత్తున కడితే చినుకు నీరసంగా రాలుతున్నట్టు ఉంటుంది. అదే నలభై అడుగులకు ఎత్తితే అసలు వానే అనిపిస్తుంది. ఎందుకంటే ఆకాశం నుంచి పడే చినుకు కొంత దూరం వేగం పుంజుకుని, ఆ తర్వాత గాలి అడ్డుకోవడంతో ఒక వేగం దగ్గర నిలకడగా ఉండిపోతుంది. అయిదు మిల్లీమీటర్ల పెద్ద చినుకుకి ఆ వేగం సెకనుకి సుమారు 9 మీటర్లు. దాన్ని అందుకోవడానికి నలభై అడుగుల ఎత్తు దాదాపు సరిపోతుంది. ఇక వెలుతురు సంగతి. లైటు ముందు నుంచి వేస్తే కెమెరాకి వాన ఆనదు. నటుడు తడుస్తాడు కానీ, ఎందుకు తడుస్తున్నాడో ప్రేక్షకుడికి కనిపించదు. అందుకే కెమెరామన్ వాన వెనక బ్యాక్ లైటు పెట్టిస్తాడు. వెనక నుంచి వచ్చిన వెలుతురుని ప్రతి చినుకూ వంచి కెమెరా వైపు పంపుతుంది. అప్పుడు గీతలు గీతలుగా వాన మెరుస్తుంది. ఈ పని చేసే లైట్‌బాయ్‌లు ఆప్టిక్స్ పుస్తకం తెరిచి ఉండకపోవచ్చు, కానీ లైటు ఎక్కడ పెట్టాలో వాళ్ల చేతులకు తెలుసు.

మా కింది వాటాలో ఉండే కుర్రాడు ఒక దర్శకుడి దగ్గర కథా చర్చల్లో కూర్చుంటాడు. మొన్న మేడమీదకి వచ్చి, "తాతగారూ, మేమొక జానపదం రాస్తున్నాం. రాకుమారుడి దగ్గర ఒక ఉంగరం ఉంటుంది. వేలికి పెట్టుకుని తిప్పితే వాన వస్తుంది. అది ఎలా పనిచేస్తుందో చెప్పండి. మాయే అయినా జనం నమ్మాలి" అని అడిగాడు. చాలా మంచి ప్రశ్న. మాయకి కూడా ఒక పద్ధతి ఉండాలని కోరుకునే రచయితలంటే నాకు గౌరవం. అతనికి చెప్పిన కబుర్లే ఇవి.

నాయనా, ముందు లెక్క చూద్దాం. పదివేల లీటర్ల ట్యాంకరుతో ఎంత వాన కురిపించగలం? సెంటీమీటరు వానగా పరిస్తే వెయ్యి చదరపు మీటర్లు తడుస్తుంది. మన హైదరాబాదు భాషలో పన్నెండు వందల గజాల స్థలం. పాత జీహెచ్ఎంసీ హద్దులు సుమారు 650 చదరపు కిలోమీటర్లు. అంతటా ఒక్క సెంటీమీటరు వాన పడాలంటే ఆరున్నర లక్షల ట్యాంకర్లు కావాలి. సెంటీమీటరు వాన అంటే మన దృష్టిలో జల్లు. 2020 అక్టోబరు 13, 14 తేదీల మధ్య ఇరవై నాలుగు గంటల్లో నగరంలో పడింది సుమారు 19 సెంటీమీటర్లు.

అయితే నీళ్ల బరువు చిన్న విషయం. అసలు విషయం వేడి. లీటరు నీళ్లు ఆవిరి కావాలంటే సుమారు 0.7 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి మింగాలి. ఆ ఆవిరి పైకి వెళ్లి మళ్లీ నీరయ్యేటప్పుడు, మింగిన వేడి అంతా మబ్బులో కక్కేస్తుంది. హైదరాబాదు మీద పడే ఆ సెంటీమీటరు వానకి లెక్క కడితే 450 కోట్ల యూనిట్లు వస్తుంది. నాగార్జునసాగర్ ప్రధాన జల విద్యుత్ కేంద్రం సామర్థ్యం 816 మెగావాట్లు. అది రాత్రింబవళ్లు పూర్తి సామర్థ్యంతో ఏడున్నర నెలలు తిరిగితే ఆ కరెంటు వస్తుంది. ఒక్క మధ్యాహ్నపు జల్లు వెనక ఇంత శక్తి ఉంది. ఇప్పుడు చెప్పు, దీన్నంతా ఒక ఉంగరం తనలోంచి పుట్టిస్తే, పెట్టుకున్న వేలు ఉంటుందా, రాకుమారుడు ఉంటాడా?

కాబట్టి నీ ఉంగరంలో బలం పెట్టకు. బలం ఎప్పుడో, ఎక్కడో సూర్యుడు పెట్టేశాడు. అరేబియా సముద్రం మీద, బంగాళాఖాతం మీద వారాల తరబడి ఎండ కాసి నీటిని ఆవిరి చేస్తే, రుతుపవనాలు ఆ ఆవిరిని మన నెత్తి మీదకి మోసుకొచ్చాయి. ఉంగరం చేయగలిగింది, ఆ నిల్వను ఒక చోట విప్పడం.

మన పెద్దవాళ్లకి ఈ సంగతి లోలోపల తెలుసేమో అనిపిస్తుంది నాకు. తెలంగాణ పల్లెల్లో పిల్లలు రోకలికి కప్పను కట్టుకుని ఇంటింటికీ తిరిగి నీళ్లు పోయించుకునే కప్పతల్లి ఆటైనా, వాన కోసం విరాటపర్వం చదివించడమైనా నడి వేసవిలో చేసినవి కావు. తొలకరి వెనకబడినప్పుడు, ఆకాశంలో మబ్బు ఆడుతూ కురవనప్పుడు చేసినవి. రామాయణంలో ఋష్యశృంగుణ్ణి అంగదేశానికి తీసుకురాగానే వాన పడిందంటారు. ఆ కథలోనూ వాన పుట్టడానికి కాదు, ఆగి ఉన్నది కదలడానికే ఒక మనిషి కావలసి వచ్చాడు.

మరి మబ్బు ఎందుకు ఆగి ఉంటుంది? మబ్బంటే గాలిలో తేలే సన్నని నీటి బిందువులు. ఒక్కొక్కటీ మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉంటుంది. అంత చిన్న బిందువు కిందికి దిగే వేగం సెకనుకి ఒక సెంటీమీటరు. ఏ కాస్త గాలి పైకి వీచినా దిగదు. అలాంటివి పది లక్షలు కలిస్తే ఒక మామూలు వాన చినుకు. ఆ పది లక్షలు ఒకచోట చేరకపోతే ఎంత నల్లగా కమ్మినా మబ్బు మన మీదుగా వెళ్లిపోతుంది. చేర్చడానికి ఒక ఆధారం కావాలి. అది ఉప్పు రేణువు కావచ్చు, దుమ్ము కణం కావచ్చు, మంచు స్ఫటికం కావచ్చు.

ఇందులో మంచు చేసే పని చాలా చిత్రమైనది. నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డ కడుతుందని బడిలో చదువుకున్నాం. మబ్బులోని స్వచ్ఛమైన సన్నని బిందువు అలా కట్టదు. ఆధారం దొరకకపోతే మైనస్ 38 డిగ్రీల దాకా నీరుగానే ఉండిపోగలదు. ఇది ఇంట్లోనే చూడొచ్చు. మూత తీయని మంచినీళ్ల సీసాను ఫ్రీజర్లో కదపకుండా రెండు, రెండున్నర గంటలు పడుకోబెట్టు. సమయం కాస్త అటూ ఇటూ సర్దుకోవాలి. గడ్డ కట్టకముందే మెల్లగా బయటికి తీసి, బల్ల మీద ఒక్కసారి గట్టిగా కొట్టు. సీసాలో ఒక చోట తెల్లటి సూదులు మొలుస్తాయి, నీ కళ్ల ముందే సీసా అంతా పాకుతాయి. కొన్ని క్షణాల్లో సీసా అంతా ముద్ద ముద్దగా మంచు అల్లుకుంటుంది. ఆ క్షణాన సీసాలో నీళ్లు రవ్వంత వెచ్చబడతాయి కూడా, గడ్డ కడుతూ నీరు వేడి వదులుతుంది కదా. ఆ వేడి నీ చేతిలోంచి రాలేదు. నువ్వు చేసిందల్లా ఒక దెబ్బ కొట్టడం. నీ ఉంగరం ఆ దెబ్బ.

ఈ దెబ్బ మబ్బుకి మొదటిసారి కొట్టినప్పుడు వాడిన వస్తువు ఏమిటో తెలుసా? మన సెట్లలో అందరికీ పరిచయమున్న డ్రై ఐస్. పౌరాణిక సినిమాల్లో ఇంద్రసభ గుర్తు తెచ్చుకో. అప్సరసల పాదాల చుట్టూ తెల్లటి పొగ నేల మీదే పారాడుతూ ఉంటుంది. డ్రై ఐస్ అంటే గడ్డ కట్టిన కార్బన్ డయాక్సైడ్, దాని చల్లదనం మైనస్ 78 డిగ్రీలు. వేడి నీళ్లలో వేయగానే బుసబుసా వాయువు లేస్తుంది. ఆ వాయువుకి రంగు లేదు. తెల్లగా కనిపించేది దాని చలికి చుట్టూ ఉన్న తేమ బిందువులుగా మారడం వల్ల. చల్లగా, బరువుగా ఉంటుంది కనుక పైకి లేవదు, నేల మీదే పరుచుకుంటుంది. అంటే ఆ ఫ్లోర్ మీద కమ్మింది నిజమైన మబ్బే. వానకి అధిపతి అయిన ఇంద్రుడి సింహాసనం ముందు మన సెట్ పనివాళ్లు అసలు మబ్బునే పుట్టించారు. ఈ మాట నాకు ఎప్పుడు తలుచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది.

1946 జులైలో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ప్రయోగశాలలో విన్సెంట్ షేఫర్ అనే ఆయన ఒక ఫ్రీజరు లోపల నల్ల గుడ్డ పరిచి, అందులోకి నోటితో ఊది చిన్న మబ్బు తయారుచేసేవాడు. ఎంత చల్లబరిచినా అది మంచు అయ్యేది కాదు. ఒక వేడి రోజున ఫ్రీజరు సరిగ్గా చల్లబడక, త్వరగా చల్లబడుతుందని డ్రై ఐస్ ముక్క అందులో పెట్టాడు. మరుక్షణం లైటు కాంతిలో లక్షల మంచు రవ్వలు తళతళలాడాయి. ఆ నవంబరు 13న విమానమెక్కి మసాచుసెట్స్‌లో ఒక కొండ దగ్గరున్న మబ్బు మీద రెండు మూడు కిలోల డ్రై ఐస్ ముక్కలు చల్లాడు. మబ్బు కిందినుంచి మంచు జారడం మొదలైంది.

అదే నెలలో ఆయన సహోద్యోగి బెర్నార్డ్ వానెగట్ మరో మెట్టు ఎక్కాడు. మంచు స్ఫటికంలో అణువులు ఎలా పేర్చి ఉంటాయో దాదాపు అలాగే పేర్చి ఉన్న పదార్థం ఏదైనా ఉందా అని పట్టికలు వెతికాడు. సిల్వర్ అయొడైడ్ దొరికింది. నీటి బిందువు దాన్ని తాకితే మంచు మీద కూర్చున్నట్టే అక్కడ గడ్డ కడుతుంది. ఒక్క గ్రాము కాలిస్తే లక్ష కోట్లకు మించి రేణువులు వస్తాయి. ఆయన తమ్ముడే నవలా రచయిత కర్ట్ వానెగట్. అన్న పనిచేసిన ఆ ప్రయోగశాల కబుర్లలోంచే ఆయన 1963లో తన నవలలో ఒక మాయ స్ఫటికాన్ని పుట్టించాడు. దాని ముక్క సముద్రంలో పడితే సముద్రాలన్నీ గడ్డ కట్టేస్తాయి. ఒక్క సైన్స్ సూత్రాన్ని పట్టుకుని చివరిదాకా వదలకపోతే ఎంత భయంకరమైన మాయ పుడుతుందో చూడు. నీకు పనికొచ్చే పాఠ్యపుస్తకం అది.

ఇదంతా మీ అమ్మ రోజూ రాత్రి చేసే పనే. గిన్నెడు పాలలో చెంచాడు మజ్జిగ తోడు వేస్తుంది, తెల్లారేసరికి పెరుగు. గిన్నెలో పాలు లేకపోతే తోడు ఏమీ చేయదు. పాలు మరీ వేడిగా ఉన్నా, మరీ చల్లగా ఉన్నా తోడుకోదు. మబ్బుకి కూడా సరైన చలి, సరైన లోతు, లోపల పైకి లేచే గాలి ఉండాలి. అవి ఉన్న మబ్బుకే సిల్వర్ అయొడైడ్ పనిచేస్తుంది. మన దక్కనులో చాలా మబ్బులకి అంత చలి ఉండదు, అంత ఎత్తుకి పెరగవు. అలాంటి వాటికి అడుగు భాగంలో ఉప్పు జాతి రేణువులు వదులుతారు. అవి తేమను పీల్చుకుని పెద్ద బిందువులై, పడుతూ చిన్నవాటిని తమలో కలుపుకుంటాయి.

మన దగ్గర దీన్ని మేఘమథనం అన్నారు. 2000ల దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరవు జిల్లాల మీద విమానాలతో ఈ పని చేయించింది. చేసిన ప్రతిసారీ ఊళ్లలో ఒకటే వాదన: వాన పడితే 'అది ఎలాగూ పడేదే' అనేవాళ్లు కొందరు, పడకపోతే 'విమానం మబ్బును చెదరగొట్టింది' అనేవాళ్లు కొందరు. ఇద్దరినీ తప్పుపట్టలేం. ఒకే మబ్బు మీద మందు చల్లీ, చల్లకుండానూ చూడలేం కదా. ఈ ముడి విప్పాలంటే ఓపిక కావాలి. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ 2009లో 'కైపీక్స్' అనే పెద్ద ప్రయోగం మొదలుపెట్టింది. 2011లో మన మహబూబ్‌నగర్ దగ్గర నేలమీద పరికరాలు పెట్టి గాలిలో దుమ్ము ఎంత, తేమ ఎంత, మబ్బు ఎలా పెరుగుతోంది అని నెలల తరబడి కొలిచారు. పాలమూరు అని పిలుచుకునే ఆ జిల్లా నుంచి కరవుకి సాగిన వలసల గురించి తెలిసినవాళ్లకి ఆ చోటు ఎందుకు ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు.

తర్వాత 2018, 2019 వానాకాలాల్లో షోలాపూర్ మీద పరీక్ష జరిగింది. మన నేతపనివాళ్లు తరాల కిందట వెళ్లి స్థిరపడ్డ ఊరు అది, పడమటి కనుమలు వాన ఆపేసే చోటు. మొత్తం 276 మబ్బులను తీసుకుని, దేనికి చల్లాలో దేన్ని వదిలేయాలో లాటరీ పద్ధతిలో తేల్చారు. చల్లినచోట గాలి వాలున సుమారు వంద చదరపు కిలోమీటర్ల మేర సగటున 18 శాతం వాన ఎక్కువ పడిందని తేలింది. పద్దెనిమిది శాతం! పది సెంటీమీటర్లు పడాల్సిన చోట దాదాపు పన్నెండు. వేరుశనగ రైతుకి అది ఒక తడి. కానీ అసలు మబ్బే రాని సంవత్సరం పద్దెనిమిది శాతం కూడా సున్నాయే. నీ కథలో కరవు ఘట్టం ఎంత బలంగా ఉండాలంటే, చేతిలో ఉంగరం ఉండీ రాకుమారుడు ఆకాశం వైపు చూస్తూ మబ్బు కోసం ఎదురుచూడాలి.

మరి మబ్బు మీద ఉంగరం ఆనవాలు కళ్లకు కనిపిస్తుందా అంటే, ఒకసారి కనిపించింది. 2017 జనవరి 19న అమెరికాలో ఐడహో కొండల మీద ఒక విమానం అటూ ఇటూ తిరుగుతూ సిల్వర్ అయొడైడ్ కాల్చింది. కాసేపటికి రాడార్ తెర మీద విమానం తిరిగిన దారే వంకర టింకరగా మంచు గీతలై కనిపించింది. మందు చల్లకుండా వదిలేసిన పక్క మబ్బులో ఏమీ లేదు. గ్రాఫిక్స్ వాళ్లకి ఇంతకంటే మంచి షాటు ఎవరివ్వగలరు?

ఇక్కడ నువ్వొక మాట అడగొచ్చు: మబ్బే లేకపోతే, మబ్బును తెచ్చే గాలినే మళ్లించే ఉంగరం పెట్టకూడదా? పెట్టొచ్చు. దానికి దారి కూడా ఉంది. 1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే వాతావరణ శాస్త్రవేత్త కంప్యూటర్లో ఒక లెక్కను సగం నుంచి మళ్లీ మొదలుపెడుతూ 0.506127 అని ఇవ్వాల్సిన చోట 0.506 అని ఇచ్చాడు. కొద్దిసేపు రెండు లెక్కలూ కలిసే నడిచాయి. తర్వాత రెండు వాతావరణాలకీ ఏ పోలికా లేదు. అంటే చాలా చిన్న కదలిక చాలా పెద్ద మార్పు తేగలదు. అలాంటి ఉంగరానికి బలం అక్కర్లేదు. కానీ ఎక్కడ, ఏ క్షణాన తాకాలో తెలియాలి. అలా తెలియాలంటే లోకంలోని గాలంతా, ప్రతి చోటా, ఈ క్షణాన ఎలా ఉందో తెలిసి ఉండాలి. కాబట్టి నీ ఉంగరంలో మాయ ఎక్కడుందంటే, అది సర్వమూ తెలిసినది కావడంలో ఉంది. సర్వం తెలిసినది రాకుమారుడి మాట ఎందుకు వింటుందో నువ్వే ఆలోచించుకో. నాకైతే కథ అక్కడే మొదలవుతుందనిపిస్తుంది.

సినిమా వాళ్లకి వాన తెప్పించడం కంటే ఆపించడం ఎక్కువ అవసరం. అవుట్‌డోర్లో వాన పడితే పేకప్, ఆ రోజు ఖర్చంతా నీళ్లలోకే. మన కృష్ణానగర్ అయితే మరీ. అరగంట గట్టిగా కురిసిందంటే పైన జూబ్లీహిల్స్ నుంచి నీళ్లు వాలున దిగి, ఈ గల్లీల్లో నిలబెట్టిన బైకులను లాక్కుపోతాయి. ఆపే ఉంగరం దొరికితే నేనూ సంతోషిస్తాను. కానీ ఆపడం తెప్పించడం కంటే ఎన్నో రెట్లు కష్టం. దొర్లడం మొదలైన శక్తికి ఎదురు నిలబడాలి.

ఆ శక్తి ఎంతటిదో ఒక ఉంగరం సినిమా విడుదలైన రోజే చూశాం. ఇంద్రుడి కూతురు భూలోకంలో ఉంగరం పోగొట్టుకునే కథ 'జగదేకవీరుడు అతిలోకసుందరి' 1990 మే 9న విడుదలైంది. సరిగ్గా ఆ రోజే కృష్ణా ముఖద్వారం దగ్గర భయంకరమైన తుపాను తీరం దాటింది. తొమ్మిది వందల మందికి పైగా చనిపోయారు. నీళ్లు తీసిన తర్వాత జనం ఆ సినిమాకి వెళ్లారు. తెర మీద ఉంగరం ఎంత చిన్నదో, బయట గాలి ఎంత పెద్దదో ఆ వారం చూసినంత దగ్గరగా మనం ఎప్పుడూ చూడలేదు. అలాంటి తుపానును బలహీనపరుద్దామని అమెరికా 1962 నుంచి 1983 దాకా 'స్టార్మ్‌ఫ్యూరీ' పేరుతో ప్రయత్నించింది. 1969లో డెబీ అనే తుపాను మీద సిల్వర్ అయొడైడ్ చల్లాక గాలి వేగం తగ్గింది. పండగ చేసుకున్నారు. తర్వాత తెలిసిందేమిటంటే, చల్లకపోయినా తుపానులు తమంతట తామే అలా తగ్గి మళ్లీ పుంజుకుంటాయి. పైగా వాటిలో గడ్డ కట్టకుండా చల్లబడ్డ నీరు పెద్దగా ఉండదు, మన మందుకి అక్కడ పనే లేదు. పథకం మూసేశారు.

చివరగా, ఉంగరం ఎవరి చేతికివ్వాలన్న సంగతి. వియత్నాం యుద్ధంలో 1967 నుంచి 1972 దాకా అమెరికా సైన్యం రహస్యంగా మబ్బుల మీద చల్లి, శత్రువు సరుకు చేరవేసే అడవి దారులను బురద చేయాలని, వానాకాలాన్ని పొడిగించాలని చూసింది. ఆ గుట్టు బయటపడ్డాక లోకం ఉలిక్కిపడింది. వాతావరణాన్ని ఆయుధంగా వాడకూడదన్న అంతర్జాతీయ ఒప్పందం 1978 అక్టోబరు 5న అమల్లోకి వచ్చింది. భారతదేశం కూడా అందులో ఉంది. కాబట్టి నీ కథలో పక్కపక్క రాజ్యాలు రెండున్నాయనుకో, ఒకే మబ్బు రెండింటి మీదుగానూ వెళ్తుందనుకో, రాకుమారుడు తన పొలాల మీద దాన్ని దించేస్తే అవతల ఊళ్లవాళ్లు ఏమంటారు? ఆ రెండు రాజ్యాల మధ్య ఇలాంటి ఒప్పందం ఉందా లేదా అన్నది ముందు తేల్చుకుని, అప్పుడు ఆ ఉంగరం ఎవరి వేలికి తొడగాలో రాసుకో నాయనా.